తెలియదన్న వీధి

మొదటి అంతస్తు, వీధి వైపు కిటికీ
జనవరి 11

కందిరీగకి,

ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకేదో పని చేసుకుంటావు. ఉత్తరానికి ఊఁ కొట్టడం కుదరదు కాబట్టి ఇకనుంచి ఇదే పద్ధతి.

మొన్న మంగళవారం పొద్దున పదకొండింటికి ఒకాయన తలుపు కొట్టాడు. నలభై దాటినవాడు, బట్టతల, చేతిలో గొడుగు, మెడలో కార్డు, చంకలో పలక లాంటి యంత్రం. "అమ్మా, రాజకీయాల గురించి ప్రజలకి ఎంత తెలుసో కొలుస్తున్నాం. పది నిమిషాలు చాలు" అన్నాడు. బీపీ కొలిచేవాళ్ళని చూశాను, కిటికీ తెరలకి కొలతలు తీసేవాళ్ళని చూశాను. ఇది కొత్త. లోపలికి రమ్మన్నాను.

ఐదు ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు జవాబులు తనే చదువుతాడు, మనం ఒకటి ఏరుకోవాలి. ఎగువ సభ సభ్యుడి పదవి ఎన్నేళ్ళు? రాజ్యాంగాన్ని సవరించాలంటే సభలో ఎంతమంది ఒప్పుకోవాలి? ఆర్థిక మంత్రి ఎవరు? ఇలా. మొదటి రెండూ చెప్పాను. ఆర్థిక మంత్రి దగ్గర ఆగాను. పది రోజుల క్రితమే ఒకాయన్ని తీసి ఇంకొకాయన్ని పెట్టారు, ఈయన్నీ తీసేస్తారని ముందురోజే రేడియోలో విన్నాను, ఆ రోజు పేపరు ఇంకా రాలేదు. "తెలియదు" అన్నాను.

"పోనీ ఏదో ఒకటి చెప్పండమ్మా."

"ఏదో ఒకటి చెప్పడానికి నేనేమైనా మంత్రినా నాయనా?"

మిగిలిన రెంటికీ అంతే. నమ్మకం లేని చోట తెలియదన్నాను. వీధి చివరి ఆడపిల్లల బడిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పరీక్షలు పెట్టినదాన్ని, చేతికొచ్చిన జవాబు విసరడం నాకు చేతకాదు.

కింద దర్జీని మాత్రం చూసి నేర్చుకోవాలి. నోట్లో దారం తీయకుండానే రెండు నిమిషాల్లో ఐదూ తేల్చేశాడు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "మనకి ఫుల్లు టీచరమ్మ గారూ, ఒక్కటీ వదల్లేదు" అన్నాడు. దిద్ది చూస్తే రెండు ఒప్పు. ఎగువ సభకి పన్నెండేళ్ళు ఇచ్చాడు. ఆయన కుట్టే జాకెట్టు చేతుల్లాగే ఎప్పుడూ కొంచెం పొడుగే.

నీ సంస్థలోనూ ఇలాంటివేవో చేస్తారు కదా. ఈ ప్రశ్నలు ఎవరు తయారుచేశారో కనుక్కుని రాయి. ఆ చెవి ఒకసారి మెలిపెట్టాలని ఉంది.

అమ్మమ్మ


సర్వే విభాగం, నాలుగో అంతస్తు
జనవరి 19

అమ్మమ్మా,

ఆ చెవి నాదే.

ఐదు ప్రశ్నలూ నేనే రాశాను. నా సొంత పేరు మీద చేస్తున్న మొదటి సర్వే ఇది. ఇరవై రెండు వార్డులు, రెండు వేల మూడొందల ఇళ్ళు. చీటీ తీసినట్టు కంప్యూటరు ఇళ్ళని ఎంచుతుంది, అందులో మీ ఇల్లు తగిలిందంటే అది నా దురదృష్టం. టౌను ఆఫీసు వాళ్ళు చేయిస్తున్నారు. నివేదిక వాళ్ళకి నచ్చితే ఈ టెంపరరీ ఉద్యోగం పర్మనెంటు చేస్తానని డైరెక్టర్ గారు మాటిచ్చారు. నాలుగేళ్ళుగా ఏటా కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెడుతున్న చెయ్యి ఇది, నీకు తెలుసు.

నువ్వు అడిగే లోపే చెప్తాను. ఒప్పుకి ఒక మార్కు, తప్పుకి సున్నా, తెలియదుకీ సున్నా. ఎక్కడైనా ఇలాగే చేస్తారు. కాబట్టి దర్జీ గారికీ నీకూ సమానంగా రెండు మార్కులు. కోపం తెచ్చుకోకు.

ఒక్క సాయం చెయ్యి. గొడుగాయన ఇంకో రెండు వారాలు మీ వార్డులోనే తిరుగుతాడు. జవాబులు ఎవరికీ చెప్పొద్దు.

నీ కందిరీగ


అదే కిటికీ
ఫిబ్రవరి 2

సర్వే దొరసాని గారికి,

నన్నూ ఆ దర్జీనీ ఒకే గాటన కట్టినందుకు నీకు నమస్కారం.

నీ మాట జవదాటలేదు. గొడుగాయన వెళ్ళిన ప్రతి ఇంటి నుంచీ ఒకావిడ మెట్లెక్కి రావడం, "టీచర్, సరైన జవాబేంటి?" అనడం, నేను నోటికి తాళం వేసుకోవడం. పేపరు లీకు కాకుండా కాపాడటంలో నాకున్నంత అనుభవం నీ డైరెక్టర్‌కి కూడా ఉండదు.

కానీ నీ యంత్రంలో ఒక ప్రశ్న తక్కువైంది. మా వార్డు ఆసుపత్రిలో ప్రసూతి గది ఎత్తేసి నది అవతలి పెద్దాసుపత్రిలో కలిపేస్తారని ఊరంతా గుసగుస. అది ఎత్తేయాలంటే ఎవరు ఒప్పుకోవాలి? ఈ ప్రశ్న అడిగి చూడాల్సింది. వార్డులో ఏది మూసినా ముందు నెలవారీ సమావేశంలో పెట్టాలి, వార్డు జనం కాదంటే మూయడానికి లేదు. రూలు నంబరుతో సహా చెప్తారు మా ఆడవాళ్ళు. ప్రతి నెలా మొదటి శనివారం పఠన మందిరంలో ఆ అరవై కుర్చీల్లో నలభై వాళ్ళవే. రిజిస్టరు పట్టుకుని వచ్చే అధికారికి వాళ్ళని చూస్తేనే గొంతు ఆరిపోతుంది. కిందటేడు డాక్టరు రాకపోకల వేళలు గోడకి రాయించింది వాళ్ళే.

బేకరీ ఆవిడ కూతురికి ఆరో నెల. ఆ పిల్ల నడిచి వెళ్ళగలిగే దూరంలో ప్రసూతి గది ఉండాలని తల్లి తాపత్రయం. మే సమావేశంలో ఆ విషయం వస్తుందని ఇప్పటినుంచే కాగితాలు పోగేస్తోంది.

సరే, ఒకటి అడుగుతాను. ఇంత కష్టపడి కొలిచి, ఆ కొలతతో చివరికి ఏం కుట్టబోతున్నారు?

అమ్మమ్మ


నాలుగో అంతస్తు
మార్చి 6

అమ్మమ్మా,

ఫలితాలు వచ్చాయి. డైరెక్టర్ గారు నా బల్ల దగ్గరికి వచ్చి మరీ చెయ్యి కలిపారు. టౌను ఆఫీసు వాళ్ళు చాలా సంతోషించారట.

నీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఇరవై రెండింటిలో మీ పదకొండో వార్డు ఆఖరున వచ్చింది. ఐదుకి ఒకటిన్నర. ఇందులో ఎవరి పేరూ ఉండదు, ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఎవరో ఒకరు ఆఖరున రాక తప్పదు.

కొలతతో ఏం చేస్తారన్నది టౌను ఆఫీసు వాళ్ళ ఇష్టం. అవగాహన పెంచే కార్యక్రమాలేవో పెడతారనుకుంటా. ఇక్కడ ఊపిరాడనంత పని. మోకాలి మందు మానొద్దు.

నీ కందిరీగ


వార్డు ఆఫీసు ఎదుటి బెంచీ
మార్చి 21

మనవరాలికి,

గోడ మీద అంటించిన కాగితాన్ని చూసి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఇటీవలి సర్వేలో రాజకీయ అవగాహన కనీస స్థాయిలో లేదని తేలినందున పదకొండో వార్డు నెలవారీ సమావేశములు ఏడాది పాటు నిలిపివేయడమైనది. వాటి స్థానంలో అవగాహన ఉపన్యాసములు జరుగును. హాజరైన వారికి టీ ఇవ్వబడును."

టీ దగ్గర రెండుసార్లు ఆగి చదివాను.

సమావేశం లేదు అంటే ప్రసూతి గది విషయం పెట్టే చోటు లేదు. పెట్టే చోటు లేకపోతే కాదనేవాళ్ళు లేరు. కాదనేవాళ్ళు లేరు కాబట్టి వార్డు ఒప్పుకున్నట్టే. లోపలున్న గుమాస్తా నాకు ఈ మూడు మెట్లూ ఎక్కించి చూపించాడు, చాలా ఓపికగా, నాకేమీ తెలియదన్నట్టు. తెలియదని నీ నివేదికలోనే ఉంది కదా, అతన్ని ఏమనగలను?

బేకరీ ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది. "మన టీచరమ్మ గారి మనవరాలే చేసిందట ఈ సర్వే" అని దర్జీ అందరి ముందూ అన్నాడు. ఆవిడ నన్నొకసారి చూసి, పోగేసిన కాగితాలన్నీ సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

కాగితం అంటిస్తారని నీకు ముందే తెలుసా? అవును, కాదు. ఈ రెంటిలో ఒకటి రాయి. మోకాలి గురించి రాయకు.

అమ్మమ్మ


నా గది, తలుపు వేసుకుని
మార్చి 27

అమ్మమ్మా,

అవును.

ఆఖరి వార్డులో సమావేశాలు ఆపుతామని ఒప్పందం కాగితంలోనే ఉంది. సర్వే మొదలుకాక ముందే చదివాను. మీ వార్డు అవుతుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని వార్డు అవుతుందనుకున్నాను. ఇలా రాసి చూసుకుంటే ఇంకా అసహ్యంగా ఉంది, అయినా కొట్టేయడం లేదు.

నీ ఉత్తరం వచ్చాక మీ వార్డు లెక్కలు మళ్ళీ తీశాను. ఒక వింత కనిపించింది. వేరే వార్డుల్లో వందకి పాతిక జవాబులు "తెలియదు". మీ దగ్గర అరవై పైన. పగటి పూట వెళ్ళడంతో అక్కడ దొరికినవాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళే. సరే, ఆడవాళ్ళు ఎక్కడైనా మగవాళ్ళకన్నా ఎక్కువగా తెలియదంటారు. కానీ ఇంతలా ఎక్కడా లేదు. అంతకన్నా వింత, ముప్ఫై దాటిన మీ వార్డు ఆడవాళ్ళలో తప్పు జవాబు దాదాపు ఒక్కటీ లేదు. చెప్తే ఒప్పు, లేకపోతే తెలియదు. రెండు వేల మూడొందల ఇళ్ళలో ఇలాంటి మనుషులు ఇంకెక్కడా లేరు.

నీకేమైనా తడుతోందా?

నీ మనవరాలు


కిటికీ దగ్గర
ఏప్రిల్ 5

కందిరీగకి,

తట్టింది. వారం రోజులు తట్టనట్టు నటించాను, కుదరలేదు.

ఆ ముప్ఫై దాటిన ఆడవాళ్ళు ఎవరనుకున్నావు? వీధి చివరి బడి తప్ప ఈ చుట్టుపక్కల ఆడపిల్లలకి ఇంకో బడి ఉండేది కాదు. బేకరీ ఆవిడ, మందుల షాపు ఆవిడ, పాల కేంద్రం అక్కాచెల్లెళ్ళు, అందరూ నా బెంచీల మీంచి లేచినవాళ్ళే. నా తరగతిలో ఒక రూలు ఉండేది. తప్పు రాస్తే వచ్చిన మార్కుల్లోంచి ఒకటి పోతుంది. "తెలియదు" అని రాస్తే అర మార్కు వస్తుంది. హెడ్ మాస్టరు ఎంత మొత్తుకున్నా మార్చలేదు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకునే పిల్లకి ఆ ధైర్యానికైనా ఏదో ఒకటి ఇవ్వాలని నా వాదన. బెత్తం పట్టుకోలేదు కానీ, ఊహించి రాసిన పిల్లని నిలబెట్టి నేను అన్న మాటలు బెత్తం కన్నా గట్టిగానే తగిలి ఉంటాయి.

నిన్న నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మందుల షాపు ఆవిడని అడిగాను, ఎగువ సభ సభ్యుడి పదవి ఎన్నేళ్ళే?

"ఆరేళ్ళు టీచర్."

"మరి గొడుగాయనతో తెలియదన్నావట?"

"మధ్యలో ఖాళీ అయిన సీటులో వచ్చినవాడికి ఆరేళ్ళుండవు కదా. ఆయన ఏ సభ్యుడి సంగతి అడుగుతున్నాడో చెప్పలేదు. అందుకని."

బేకరీ ఆవిడకి ఆర్థిక మంత్రి పేరు, ఊరు, ఇదివరకు ఉన్న పార్టీలు రెండూ తెలుసు. "ఇంటిపేరు మధ్యలో ఒక అక్షరం అనుమానం టీచర్" అంది. ఈసారి ఎవరైనా వస్తే తోచింది చెప్పేయండమ్మా అని బతిమాలాను. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని నవ్వుకున్నారు. "మమ్మల్ని పరీక్షిస్తున్నారా? మేం పడం."

మళ్ళీ కొలిస్తే మళ్ళీ ఆఖరే. ముప్ఫై ఒక్క ఏళ్ళు చెమటోడ్చి నేను చేసిందేమిటంటే, ఈ వార్డు మొత్తాన్నీ నీ సున్నాల కిందికి తోలాను. తప్పులో సగం వాటా రాయించుకుంటున్నాను. మిగిలిన సగం నీది, ఎందుకంటే ఆ దర్జీ సున్నానీ నా సున్నానీ ఒకే సున్నా అన్నది నువ్వు.

మేలో బేకరీ ఆవిడ కూతురికి నెలలు నిండుతాయి. నువ్వు లెక్కలు వచ్చినదానివి. ఏదో ఒకటి చెయ్యి.

అమ్మమ్మ


నాలుగో అంతస్తు
ఏప్రిల్ 17

అమ్మమ్మా,

చేశాను! ప్రతి తప్పు జవాబుకీ మూడో వంతు మార్కు కోసి మొత్తం మళ్ళీ లెక్క వేశాను. నాలుగు జవాబుల్లోంచి గుడ్డిగా ఏరుకున్నవాడికి అలా వచ్చిన లాభం పోతుంది. ఆఖరున ఉన్న మీ వార్డు మొదటికి వచ్చింది. వెంట్రుకవాసి తేడాతోనే, అయినా మొదటిదే.

డైరెక్టర్ గారు ముందు ఒంటికాలి మీద లేచారు. అచ్చయిన నివేదికని మారుస్తావా అన్నారు. అరగంట తర్వాత పిలిచి, ఇది శాస్త్రీయంగా మెరుగైన పద్ధతి అన్నారు. సాయంత్రానికి అది ఆయన కనిపెట్టిన పద్ధతి అయిపోయింది. పోనీ. సవరించిన పట్టిక టౌను ఆఫీసుకి వెళ్ళింది. మీ గోడ మీది కాగితం తీసేస్తారు. నా పర్మనెంటు ఆర్డరు టైపు అవుతోందట.

బేకరీ ఆవిడకి చెప్పు. దర్జీ గారికి కూడా చెప్పు, ఆయన మార్కులు రెండు నుంచి ఒకటికి దిగాయి.

నీ కందిరీగ


వార్డు ఆఫీసు ఎదుటి బెంచీ
ఏప్రిల్ 25

కందిరీగకి,

కాగితం తీశారు. బేకరీ ఆవిడ పొద్దున్నే వచ్చి నా చేతులు పట్టుకుంది. నీకు చెప్పమంది, చెప్తున్నాను.

తీసిన కాగితాన్ని పారేయలేదు. గుమాస్తా పొదుపరి. "పదకొండో" అన్నచోట పెన్నుతో కొట్టేసి పైన "నాలుగో" అని రాసి, మిల్లు వైపు వార్డు ఆఫీసు గోడకి అంటించి వచ్చాడు. మిగతాదంతా అలాగే ఉంది, టీతో సహా. చూడటానికి బస్సెక్కి వెళ్ళాను.

అక్కడ మగ్గం నేసే ఒక పెద్దాయన ఆ కాగితం కింద కూర్చుని ఉన్నాడు. వాళ్ళ వీధిలో మురుగు కాలువ కట్టలు తెగి మూడు నెలలట. వచ్చే నెల సమావేశంలో అడుగుదామనుకున్నారట. "సర్వే ఆయన అడిగితే తెలియదని అనకుండా అన్నిటికీ మర్యాదగా జవాబు చెప్పామమ్మా, ఇదేంటి?" అన్నాడు. వాకిట్లోకి వచ్చినవాడిని ఉత్త చేతులతో పంపకూడదని ఆ మనుషుల పద్ధతి. దానికి నువ్వు మూడో వంతు చొప్పున కోశావు.

నేను అడిగాను కాబట్టి చేశావు. నిన్ను తిట్టడానికి నాకు నోరు లేదు. నోరు లేకపోవడం నాకు అలవాటు లేని సంగతి, అందుకే ఉత్తరం ఇక్కడితో ఆపుతున్నాను.

అమ్మమ్మ


నా గది
ఏప్రిల్ 30

అమ్మమ్మా,

నీ ఉత్తరం పట్టుకునే డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళాను. "ఎలా లెక్క వేసినా ఎవరో ఒకరు ఆఖరున ఉంటారు కదండీ. ప్రతిసారీ వాళ్ళ తలుపు మూయడమేనా?" అన్నాను. "మనం కొలుస్తాం, తలుపులు మనవి కావు" అన్నారు. కిందటి నెల నీకు నేను రాసిన మాటలే, కొంచెం ఇస్త్రీ చేసి.

బయటికి వచ్చి టౌను ఆఫీసుకి నా సంతకంతో రాశాను. ఈ ఐదు ప్రశ్నలు ఏ వార్డు సమావేశాన్నైనా ఆపడానికి ఆధారం కావు, రాసినదాన్ని నేనే చెప్తున్నాను అని. వచ్చే కౌన్సిల్‌లో పరిశీలిస్తామన్నారు. కౌన్సిల్ జూలైలో.

ఆర్డరు టైపు ఆగిపోయింది. మా ఆఫీసులో పై అంతస్తు ఆయన మెట్ల మీద కనబడి, "ఒక్క వారం నోరు మూసుకుని ఉంటే పోయేది కదమ్మా" అన్నాడు. ఈ సంగతి అమ్మకి అప్పుడే చెప్పకు.

కందిరీగ


కిటికీ దగ్గర, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు
మే 3, శనివారం సాయంత్రం

నా తల్లీ,

సమావేశం అయింది. వరసగా చెప్తాను.

జూలై దాకా మురుగు ఆగుతుందా? బేకరీ ఆవిడా నేనూ గురువారం మిల్లు వైపు వెళ్ళి, శనివారం మా సమావేశానికి రమ్మని పిలిచి వచ్చాం. పదిమంది వస్తారనుకున్నాం. నలభై ఆరుగురు వచ్చారు. పఠన మందిరంలో అరవై కుర్చీలు నిండి, పేపర్ల బల్ల మీద కూడా మనుషులు. అధికారి రిజిస్టరు తెరిచాడు. ముందు ప్రసూతి గది. ఎత్తేయడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. ఒప్పుకోలేదని రాసుకున్నాడు. బేకరీ ఆవిడ కూర్చుండిపోయి కొంగుతో మొహం తుడుచుకుంది. కూతురు ఆ పక్కనే, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని.

తర్వాత మగ్గం పెద్దాయన లేచాడు. "కాలువ కట్ట తెగి..." అనగానే అధికారి చెయ్యెత్తాడు.

"ఒక్క నిమిషం. మీరే వార్డు?"

"ఇదే" అన్నాడు పెద్దాయన తడుముకోకుండా.

అధికారి నమ్మలేదు. మందుల షాపు ఆవిడ వైపు తిరిగాడు. "ఏమ్మా, ఈయన మీ వార్డేనా?"

ఎగువ సభ సంగతి చెప్పడానికి వెనకా ముందూ చూసిన మనిషి, రెప్ప కూడా వేయలేదు. "మా పక్కింటాయనే."

"మా పక్కిల్లు కూడా" అంది పాల కేంద్రం పెద్దావిడ.

"ఒకే మనిషి రెండిళ్ళలో ఎలా ఉంటాడమ్మా?"

"వాటి మధ్యలో" అన్నాడు దర్జీ. ఆయన జీవితంలో చెప్పిన మొదటి సరైన జవాబు అదే అనిపించింది నాకు.

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇంక దిక్కులేనట్టు నా వైపు చూశాడు. "టీచరమ్మ గారూ, మీరు పెద్దవారు. అబద్ధం చెప్పరని ఊరంతా అంటుంది. మీరు చెప్పండి. ఈయన ఈ వార్డు మనిషేనా?"

గదిలో నా దగ్గర చదువుకున్నవాళ్ళు నలభై మంది ఉన్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు. మోకాలు పట్టుకుని లేచాను.

"తెలియకపోవడమేమిటండీ. మా బడిలో నా దగ్గరే చదువుకున్నాడు."

ఆ పెద్దాయనకి నాకన్నా ఐదేళ్ళు ఎక్కువే ఉంటాయి. అది ఆడపిల్లల బడి అని గదిలో అందరికీ తెలుసు, అధికారి చెల్లెలు కూడా అక్కడే చదివింది. ఒక్కరూ నవ్వలేదు. అధికారి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, తల వంచుకుని, పదకొండో వార్డు, మురుగు కాలువ, మరమ్మతు అవసరం అని రాసుకున్నాడు. హాజరు నూట ఆరు.

వచ్చే నెల సమావేశానికి ఇంకో యాభై కుర్చీలు కావాలని అప్పుడే చెప్పి వచ్చాం. నీకు శనివారాలు ఖాళీయే కదా ఇప్పుడు, రా. ఏ వార్డని అడిగితే నువ్వేమీ చెప్పనక్కర్లేదు, చెప్పేవాళ్ళు ఇక్కడ చాలామంది తయారయ్యారు.

అమ్మమ్మ